తోపులో జరిగిన కార్యం

మా అత్త సెల్లమ్మాళ్ ఎవరినీ క్షమించదు. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఆమె మనసు కరుగుతుందేమోనని ఎవరూ కాచుకోవద్దు.

కోయంబత్తూరు పక్కన పోదనూరు రైల్వే లైను ఇళ్ళలో పుట్టింది. తాత పట్టాల మధ్య చీపురు పట్టినవాడు, తండ్రీ అంతే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగులో ఒక్క అక్షరం చదవలేదు. తిట్టడం మొదలుపెడితే మాత్రం ఆమెకు రెండు భాషలూ చాలవు.

నా చిన్నప్పుడు రేషన్ కొట్టువాడు పురుగుల బియ్యం కొలిచి, "మీ లైనుకు ఇది చాల్లే" అన్నాడట. అత్త ఆ బియ్యం తీసుకొని ఇంటికి వచ్చింది. ఆ బియ్యమే వండి, అరిటాకులో పెట్టుకొని, వాడు అన్నం తినే వేళకు పోయి వాడి ముందు పరిచి ఎదురుగా కూర్చుంది. "తినండి, మీరు కొలిచిందే" అంది. క్యూలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. వాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకొని మింగాడు. మర్నాడు మళ్ళీ ఆకుతో వస్తున్న ఆమెను దూరం నుంచి చూసి, కొట్టులో ఉన్న మంచి మూట విప్పాడు.

ఆమె మొగుడు ముని దీనికి పూర్తిగా వ్యతిరేకం. సుందరరాజన్ నాయుడి లారీ తోలేవాడు. కినత్తుకడవు తోపుల్లో కొబ్బరికాయలు ఎక్కించుకొని మదురై మాట్టుతావణి మార్కెట్టుకు పోయి దించి రావడం పని. హారను కూడా ఎవరికైనా నొప్పి కలుగుతుందేమో అన్నట్టు కొట్టేవాడు. అత్త అదే నాయుడింట్లో గిన్నెలు తోమేది. ఆ ఇంట్లో మాట్లాడేదీ తెలుగే, మా ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. వాళ్ళు మా లైనులోకి ఏనాడూ అడుగు పెట్టలేదు, మేము వాళ్ళ వంటిల్లు దాటి లోపలికి పోలేదు. భాష మాత్రం రెండు ఇళ్ళలోనూ తిరిగేది.

కరోనా వచ్చిన ఏడు, ఊరంతా షట్టర్లు దించుకొని కూర్చున్నప్పుడు, నాయుడు తన కూతురు బృందకు నిశ్చితార్థం పెట్టాడు. మంటపాలన్నీ మూసేశారు కనుక కినత్తుకడవు తోపులో, చెట్ల మధ్య, ఒక ఆదివారం. మదురై నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు కూరగాయల పాసు అంటించుకున్న వ్యాన్లలో వచ్చారు. గుండిగలు, కుర్చీలు మా మామ లారీలో పోయాయి. గిన్నెలు తోమడానికి అత్త పోయింది.

"బయట నోరెత్తొద్దు సెల్లీ, పోలీసోళ్ళు ఊరుకోరు" అన్నాడట నాయుడు.

"నేనెందుకు చెప్తానయ్యా" అంది అత్త. చెప్పలేదు కూడా.

కొన్నాళ్ళకే మామకు జ్వరం, తర్వాత అత్తకు. ఎదురింటి సౌందరం వాళ్ళ అత్తగారికి కూడా. ఆ తర్వాత లైనంతా దగ్గే. సౌందరం అత్తగారు చనిపోయింది. మామను ఆసుపత్రికి తీసుకుపోయారు, తిరిగి ఇంటికి తేలేదు. సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకుపోయారు.

మామ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆరోగ్య శాఖ మనిషి ఒకాయన వచ్చాడు. ముఖానికి కవచం పెట్టుకొని, దూరంగా నిలబడి, తమిళంలో అడిగాడు. ఎక్కడెక్కడికి పోయారు, ఎవరెవరిని కలిశారు? అత్తకు ఒళ్ళు కాలిపోతోంది. ఇక దాచి లాభం లేదనుకుంది. నాయుడింట్లో కార్యం, అక్కడికే పోయాం అని చెప్పింది. చెప్పింది తమిళమే, కానీ జ్వరంలో 'కార్యం' అన్న ఆ ఒక్క మాట ఇంటి తెలుగులో పడింది. మా ఇళ్ళలో కార్యం అంటే మంచి పని. నిశ్చితార్థమూ కార్యమే, పెళ్ళీ కార్యమే. ఇక్కడి తమిళంలో 'ఇంట్లో కారియం' అంటే చావు తర్వాత చేసే కర్మ.

ఆయన అక్కడే నిలబడి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి, నాయుడికి ఫోను చేశాడు. మీ ఇంట్లో కార్యం జరిగిందట, అందరినీ పిలిచారట, నిజమేనా?

ఫోనులో నాయుడి గొంతు లైనంతా విన్నది. "మా ఇంట్లోనా? అందరం చల్లగా ఉన్నామండీ. ఎవరు పోయారని కార్యం చేస్తాం? కావాలంటే వచ్చి చూసుకోండి."

అక్కడ ఫోను పట్టుకున్న అధికారి తమిళుడు. అతన్ని నేను తప్పుపట్టను. ఆ మాటకు మా ఇళ్ళలో ఉన్న అర్థం తెలిసినవాడు ఆ సంభాషణలో ఒక్కడే, ఫోనుకు అవతల ఉన్నవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, తన కూతురి కార్యానికి తనే గుండిగలు పంపినవాడు. ఆ ఒక్కడే తెలియనట్టు మాట్లాడాడు.

జ్వరం మైకంలో అత్త సర్ది చెప్పేలోపే అధికారి కాగితం మీద డ్రైవరు, మాట్టుతావణి మార్కెట్టు అని రాసుకొని పోయాడు. లైను కూడా అదే నమ్మింది. ముని మదురై నుంచి రోగం తెచ్చాడు, పెళ్ళాం పెద్దింటి మీద అబద్ధం చెప్పి దాచబోయింది. కొళాయి దగ్గర సౌందరం తన బిందెను అత్త బిందెకు తగలకుండా కాలితో జరిపేది. పిల్లలు ఆమెకు పేరే పెట్టేశారు, మాట్టుతావణి. "మాట్టుతావణి వస్తా ఉండాదిరో" అని అరిచి పరుగెత్తేవాళ్ళు. కరోనా ఆంక్షలన్నీ ఎత్తేశాక, మామ పేరు మీద అత్త లైనంతటికీ వండింది. ఒక్కరూ రాలేదు. ఆ అన్నం పట్టాల పక్కన కుక్కలు తిన్నాయి. అది చూసి వచ్చి ఆమె మా నాన్నతో చెప్పిన మాట నాకు గుర్తుంది.

"వాడి నోటితోనే చెప్పిస్తా తమ్ముడా. నా మొగుడి మీద నింద పడింది వాడి నోటి నుంచి. వాడి నోటితోనే తుడవాల."

ఆనైమలై మాసాణియమ్మ గుడికి పోయి, ఎండుమిరపకాయలు నూరి న్యాయం రాతికి పూయమని మా అమ్మ సలహా ఇచ్చింది. అన్యాయం చేసినవాడి ఒళ్ళు అలాగే మండుతుందని నమ్మకం.

"ఆ తల్లికి తమిళంలో చెప్పుకోవాల్నా, తెలుగులోనా?" అంది అత్త. "మళ్ళీ ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే ఎవురి ఒళ్ళు మండుతుందో."

ఏళ్ళు గడిచాయి. నేను ఇంజనీరింగు మధ్యలో వదిలేశాను. ఎందుకని అడిగినవాళ్ళకు నేనేమీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. నేర్చుకున్న కాస్త కంప్యూటరు పని చూసి, కోయంబత్తూరులో ఒక పరిశోధన బృందం నన్ను కూలికి పెట్టుకుంది. దానికి పెద్ద నివేదిత అనే ఆమె, డాక్టరు చదువు చదివింది. ఆ కరోనా రోజుల్లో సెల్‌ఫోన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలాయో ఆ లెక్క తీసుకొని, జనం గుమికూడిన చోట్ల రోగం ఎలా పాకిందో బొమ్మ కట్టడం వాళ్ళ పని. ఫోనుకు పేరుండదు, నంబరుండదు. ఒక చుక్క. రాత్రి ఎక్కడ ఆగితే అది దాని ఇల్లు. పగలు ఎక్కడెక్కడి చుక్కలో వచ్చి ఒకే చోట గంటల తరబడి నిలిస్తే అక్కడ పెళ్ళో చావో సంతో జరిగినట్టు. తర్వాత ఆ చుక్కలు ఇళ్ళకు పోతాయి, వాటి వెనకే జ్వరాలు పోతాయి.

ఒక మధ్యాహ్నం తెరమీద కినత్తుకడవు వచ్చింది. చెట్లు తప్ప ఏమీ లేని చోట, ఒక ఆదివారం, చీమలు బెల్లానికి పట్టినట్టు చుక్కలు. కొన్ని మదురై నుంచి, కొన్ని కోయంబత్తూరు నుంచి, కొన్ని పోదనూరు నుంచి.

నివేదిత ఒక పని చేసి చూపించింది. ఆ ఆదివారం ఆ చోట ఎవరూ చేరలేదనుకొని, ఆ ఒక్క గుంపును తీసేసి, లెక్కను మళ్ళీ మొదటినుంచి నడిపింది. జ్వరాలకు గుర్తుగా మా లైను మీద ఉన్న ఎర్రరంగు దాదాపు పోయింది. తర్వాత తోపును అలాగే ఉంచి మాట్టుతావణిని తీసేసింది. మా లైను ఎర్రగానే ఉంది, కాకపోతే కాస్త ఆలస్యంగా ఎర్రబడింది.

"అంటే మార్కెట్టు నుంచి రాలేదనా?" అని అడిగాను.

"అలా అనలేం కదిరవన్" అంది. "మొదట తెచ్చిందెవరో ఇది చెప్పదు. మార్కెట్టు నుంచి ఒకడు తెచ్చి ఉండొచ్చు, మదురై చుట్టం తెచ్చి ఉండొచ్చు. ఎక్కడ పంచుకున్నారో చెబుతుంది, అంతే."

అదంతా అత్తకు ఉన్నదున్నట్టు చెప్పాను. నా ఫోనులో ఆ బొమ్మ చూపించాను. గుమ్మంలో కూర్చొని వేలితో తెరను పొడిచి పొడిచి చూసింది.

"ఏమిరా అల్లుడా, ఈ సుక్కల్లో మీ మామ యాడుండాడు?"

"తెలీదత్తా. పేర్లుండవు. ఎవరిది ఏదని తెలియకూడదు, అది వాళ్ళ కట్టుబాటు."

"బాగుండాది యాపారం. లైన్లో సంటి బిడ్డలకు గూడా నా పేరు తెలిసిపోయె. మిషనుకు మాత్రం తెలీకూడదా."

"ఇంకోటి కూడా చెప్తా, కోపం చేసుకోవద్దు. తోపుకు రోగం మామే మాట్టుతావణి నుంచి తెచ్చి ఉండొచ్చు. కాదని ఈ బొమ్మ చెప్పదు."

తిడుతుందనుకున్నాను. తెరను ఇంకోసారి వేలితో పొడిచి చూసింది.

"తెచ్చింటే తెచ్చింటాడు" అంది. "పంపించింది ఎవురు? నాయుడే గదా. రోగం ఎవురు తెచ్చినారని నేను అడగలేదే ఏనాడూ. జరిగినదాన్ని జరగలేదన్నాడే, అది అడుగుతా ఉండా. నా మొగుడు సచ్చిపోతా ఉంటే నన్ను అబద్ధాలకోరును చేసినాడే, అది." ఫోను నా చేతిలో పెట్టింది. "ఈ బొమ్మ అందరికీ ఎప్పుడు సూపిస్తారు?"

వచ్చే నెల పోదనూరులోనే, ఒక పెళ్ళి మంటపంలో. మళ్ళీ ఏదైనా రోగం వస్తే గుంపులు ఎలా తగ్గించుకోవాలో జనానికి చెప్పే సభ. కుర్చీలు, టీ ఏర్పాటు చేసింది సుందరరాజన్ నాయుడు. వార్డు ఎన్నికలు వస్తున్నాయని మాట, మా లైను ఓట్లు ఆయనకు కావాలి. నివేదితకు ఈ కథేదీ తెలియదు. నేను చెప్పలేదు. చెబితే ఆ బొమ్మను పక్కన పెట్టేస్తుంది.

"తోపును బొమ్మ మీద ఒక చదరపు గడిగా చూపిస్తారు, అంతే" అని అత్తకు ముందే చెప్పాను. "చుట్టుపక్కల పది తోపులుంటాయి దాంట్లో. ఎవరిదని ఎవరూ అనరు."

"అనక్కర్లేదురా. వాడే లేస్తాడు."

సభ రోజు లైనులో చాలామంది వచ్చారు, టీ ఉంది కదా. నాయుడు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వేదిక మీద కూర్చున్నాడు. నివేదిత బొమ్మ చూపించి, కినత్తుకడవు దగ్గర ఈ గడిలో ఒక ఆదివారం పెద్ద గుంపు చేరిందనీ, పోదనూరులో చాలా ఇళ్ళకు జ్వరం అక్కడి నుంచే వచ్చినట్టు లెక్క తేలిందనీ వివరించింది. ఏం గుంపు అని ఎవరో అడిగారు. మాకు తెలియదు అంది.

"కొబ్బరికాయలు దింపే కూలీలై ఉంటారు" అన్నాడు నాయుడు, కుర్చీలో కదలకుండా.

"కాయలు దింపడానికి మదురై నుంచా వస్తారు సామీ? మన కోయంబత్తూరోళ్ళు చెట్లెక్కడం మర్చిపోయారా?" అని వెనక నుంచి ఒకడు. నవ్వులు.

అప్పుడు అత్త లేచింది. మైకు అడగలేదు. ఆమెకు ఎప్పుడూ అక్కర్లేదు. తమిళంలో, ఏ మాటా తెలుగులోకి జారకుండా, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఆ గడిలో ఒక చుక్క నేను. నా మొగుడు ఇంకొకటి. అది చావు ఇల్లు. కర్మకు పోయాం."

నివేదిత ముఖం దిగులుగా పెట్టింది. "ఎవరు పోయారమ్మా?"

"ఆ రోజు అధికారికి కార్యం అని చెప్పాను. అది చావు కార్యమేనని ఆయన అనుకున్నాడు. చదువుకున్న మనిషి అనుకున్నది తప్పవుతుందా? కాబట్టి చావే." అత్త చెయ్యెత్తి వేదిక వైపు చూపింది. "ఈ ఐయా గారి తోపే అది. నేను గిన్నెలు తోముతూ చూశాను. మధ్యలో పీట వేశారు. దాని మీద పట్టుచీర కట్టి, పూలు పెట్టి, బృందమ్మను కూర్చోబెట్టారు. చుట్టూ అందరూ నిలబడ్డారు. ఎవరిని మధ్యలో పెడితే కర్మ వాళ్ళదే కదా. పాపం, ఎంత చిన్న వయసు..."

నాయుడు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. తమిళం పోయింది, సభ పోయింది. ఇంటి తెలుగు బయటికొచ్చింది.

"నోరు మూయవే! సావేమిటే? నిచ్చితార్థమే అది! నా బిడ్డ నిచ్చితార్థం! కార్యమంటే మన ఇండ్లల్లో ఏమని నీకు తెలీదా?"

"నాకు తెలుసయ్యా" అంది అత్త, ఆమె కూడా తెలుగులోకి మారి. "మీకు తెలుసునా అని."

మంటపంలో సగం మందికి తెలుగు రాదు. మా లైనుకు వచ్చు. పక్కవాళ్ళకు వాళ్ళే తమిళంలో చెప్పారు, ఒక వరస నుంచి ఇంకో వరసకు, వెనకదాకా. టీ గ్లాసులు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. నాయుడు నిలబడే ఉన్నాడు. పడిన కుర్చీ ఎత్తి వేయడానికి ఎవరూ పోలేదు.

ఇంటికి నడుస్తూ, బృంద ఏ పాపమూ ఎరగదని, పెళ్ళై పిల్లలతో ఉన్న మనిషిని అలా అనడం బాగాలేదని నేనన్నాను.

"ఆ పిల్ల మంచిది. నాకు రెండు పాత చీరలిచ్చింది" అంది అత్త. "నేను సచ్చిపోతా ఉండానంటే వాడు లేస్తాడా? ముని సచ్చినాడంటే లేచినాడా? వాడు దేనికి లేస్తాడో దాన్నే పట్టుకున్నా."

మర్నాడు ఉదయం నాయుడి కారు లైను మొదట్లో ఆగింది. డ్రైవరు వచ్చి, ఐయా మాట్లాడాలంటున్నారు, కారు దగ్గరికి రమ్మన్నారు అన్నాడు. అత్త ముగ్గు వేస్తోంది. తల ఎత్తలేదు.

"కాళ్ళుండాయి గదా ఆయనకు."

చాలాసేపటికి కారు తలుపు తెరుచుకుంది. నాయుడు మురికి కాలువ దాటి, పంచె ఎత్తి పట్టుకొని వచ్చాడు. లైనంతా గుమ్మాల్లో నిలబడింది.

"అయ్యిందేదో అయిపోయింది సెల్లీ" అన్నాడు మెల్లగా. "ఓట్ల సమయం. ఏం కావాల్నో చెప్పు. నీ అల్లుడికి మన మిల్లులో పని చూస్తా."

"వానికి పని నిలవదు, వాని సంగతి ఒదలండి" అంది అత్త. నేను పక్కనే ఉన్నాను. "ఓట్లు అడగను ఇంటింటికీ ఎట్లాగూ పోతారు గదా. ఈ పొద్దే పోదాం రండి. నిన్న సభకు రానోళ్ళుండారు. ప్రతి గడప కాడా ఓటు అడిగే ముందర ఒక మాట చెప్పండి. తోపులో మీ ఇంటి నిచ్చితార్థం జరిగిందని. సెల్లమ్మాళ్ చెప్పింది నిజమని. మీరు లేదన్నది అబద్ధమని."

"ఇంత మంది ముందరా?"

"ఆ పొద్దు స్పీకరు పెట్టినప్పుడు ఇంతమందే విన్నారు."

ఆయన కారు వైపు చూశాడు. లైను వైపు చూశాడు. అటూ ఇటూ కలిపి ఎన్ని ఓట్లో ఆయనకు మా కంటే బాగా తెలుసు. మొదటి గడప దగ్గరికి నడిచాడు.

అత్త వెనకే నడిచింది, చేతిలో ముగ్గు చిప్పతోనే. మొదటి ఇంటి దగ్గర ఆయన ఏదో గొణిగాడు. "వినబడలే" అంది అత్త. మళ్ళీ చెప్పాడు. రెండో ఇంటి దగ్గర 'అబద్ధం' అనే మాట మింగేశాడు. "ఒక మాట తగ్గింది" అంది. మూడో ఇంటికి గాడిలో పడ్డాడు. సౌందరం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పి, చేతులు జోడించి, ఓటు కూడా అడిగాడు.

సౌందరం ఏడ్చింది. "అక్కా, నాకేం తెలుసు, మా అత్త పోయిన కోపంలో..." అంటూ అత్త చెయ్యి పట్టుకోబోయింది.

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీ లెక్క వేరే సౌందరం. దానికి ఇంకో పొద్దు వస్తా." తర్వాత నాయుడి వైపు తిరిగి, "నడవండయ్యా, ఎండెక్కతా ఉండాది" అంది.

లైను చివరి ఇల్లు ఆమెదే. అక్కడికి చేరేసరికి నాయుడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. గుమ్మం ముందు ఆగి, ఇక ఎవరున్నారన్నట్టు చూశాడు.

"ఇక్కడ గూడానా?"

అత్త తలుపు పూర్తిగా తెరిచింది. లోపల గోడకు మామ పటం ఉంది, లైసెన్సు కోసం తీయించిన చిన్న ఫోటోను పెద్దది చేయించింది. ఎప్పటిలాగే ఎవరినో నొప్పించినట్టు మొహం పెట్టుకొని ఉన్నాడు.

"ఇక్కడే మొదలు పెట్టాల్సింది. పోనీ, ఇప్పుడు చెప్పండి."

నాయుడు చెప్పాడు. తోపులో నిశ్చితార్థం జరిగింది. మీ భార్య చెప్పింది నిజం. నేను లేదన్నది అబద్ధం. అలవాటుగా చేతులు జోడించబోయి, ఓటు అడగడానికి అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి దించేశాడు.

"అందరి ఇండ్ల కాడా గట్టిగా చెప్పినారే. ఇక్కడేమి గొంతు తగ్గింది?"

ఇంకోసారి చెప్పాడు, లైను మొదట్లో ఉన్న డ్రైవరు తిరిగి చూసేంత గట్టిగా.

అత్త లోపలికి పోయి తలుపు వేసుకుంది. నాయుడు ఒక్క క్షణం ఆ మూసిన తలుపు ముందు నిలబడి, వచ్చిన దారినే అన్ని గడపలూ దాటుకుంటూ కారు దగ్గరికి పోయాడు. మధ్యాహ్నం వరకూ ఆమె బయటికి రాలేదు. వచ్చాక నేను అడిగాను, ఇక చాలా అత్తా అని.

"సాలదు" అంది. "బియ్యం ఎంత ఉండాదో సూసి చెప్పు. రేపు మీ మామ పేరు మీద వండుతా. లైన్లో అందరినీ పిలువు. ఒక్కరు రాకపోయినా నాకు చెప్పు."